ఏబీసీడీలా, శబ్దాలా, ప్రాస పదాలా: ఎల్‌కేజీకి ఏది మేలు?

ఒడిశాలోని మా పర్లాకిమిడిలో ఎల్‌కేజీ పిల్లలకి ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, పుస్తకంలో ఇంగ్లీషు. ఆ మూడూ ఒక్క నోట్లోనే కలుస్తాయి కాబట్టి, ఇంగ్లీషు చదవడం ఎలా మొదలుపెట్టాలన్నది ఇక్కడ కొంచెం తిరకాసు.

"ఎ ఫర్ యాపిల్" పద్ధతి తల్లిదండ్రులకి ఇష్టం. పిల్లలు జెడ్ దాకా గడగడా అప్పజెప్తారు, చుట్టాల ముందు ముచ్చట తీరుతుంది. చదవడానికి మాత్రం అక్షరం పేరు అంతగా అక్కరకు రాదు. బీ, డీ పేర్లలో శబ్దం ముందుంటుంది, ఎఫ్, ఎమ్‌లలో చివరుంటుంది, డబ్ల్యూలో అసలు లేదు. మా క్లాసు పిల్లాడొకడు 'వెట్' అన్న మాట చూసి "డెట్" అన్నాడు. వాడికి డబ్ల్యూ అని నేర్పింది మేమే కదా.

శబ్దాలు విడివిడిగా నేర్పి కలిపించేది రెండో పద్ధతి, ఇప్పుడందరూ ఫోనిక్స్ అంటున్నది. ఇంగ్లీషుకి అక్షరాలు 26, శబ్దాలు సుమారు 44. ఇంగ్లండ్ బడుల్లో ఇదే నడుస్తోంది, 2012 నుంచి ఐదారేళ్ల పిల్లలకి ఇందులో చిన్న పరీక్ష కూడా పెడుతున్నారు. పద్ధతి మంచిదే, చిక్కంతా మన అలవాటుతోనే. మన హల్లుకి 'అ' అంటుకునే ఉంటుంది కాబట్టి తెలుగు పిల్లాడు 'ప' అంటాడు. ఒడియా పిల్ల 'పొ' అంటుంది, వాళ్ల 'అ' పలుకే అంత. 'పిన్' కలపమంటే ఒకరిది "పఇన", ఇంకొకరిది "పొఇనొ"!

దీనికి మందు మన దగ్గరే ఉంది: పొల్లు. ప్, ట్, క్ అనేటప్పుడు పిల్లల చేత గొంతు మీద చెయ్యి పెట్టిస్తాను. గొంతు అదిరిందంటే 'అ' దూరినట్టే. స్, మ్ లాంటి సాగే శబ్దాలతో మొదలుపెడితే ఇంకా తేలిక, "మ్మ్మ్యాట్" అంటూ ఆగకుండా అచ్చులోకి జారిపోవచ్చు. 'కప్' అని సరిగ్గానే చదివి, వెంటనే "కప్పు, మేడమ్" అంటే మాత్రం దిద్దను. వాడికి అర్థమైందనే లెక్క.

మూడోది ప్రాస పదాలు: క్యాట్, బ్యాట్, మ్యాట్. తోక అలాగే ఉంటుంది, తల మారుతుంది. చెమ్మచెక్క ఆడే పిల్లలకి చెవి దీనికి ముందే సిద్ధం. కాకపోతే ఊహించి చదవడం అలవాటవుతుంది, 'క్యాప్' చూసి కూడా "క్యాట్" అనేస్తారు.

నా ఓటు ముందు ప్రాసకి, వెంటనే శబ్దాలకి. అక్షరాల పేర్లు ఆఖర్న. మొదటి నెల పుస్తకమే తెరవను, అన్నీ చెవి ఆటలే. ఈ ఊళ్లోనే పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి గారు కూడా ముందు సవర గిరిజనుల మాట విని నేర్చుకుని, ఆ తర్వాతే వాళ్ల భాషలో వాచకాలు తయారుచేశారు. ఆ మాట తల్లిదండ్రులకి చెప్పినా వినరనుకోండి. "ఎదరింటి గుంటడికి జెడ్ దాకా వచ్చీసింది మేడమ్, మావాడికి ఇంకా నాలుగేనా?" అని ఒకావిడ గేటు దగ్గరే నిలదీసింది. ఆ నాలుగు శబ్దాలతోనే వాళ్లబ్బాయి ఆరు మాటలు చదువుతున్నాడని చదివించి చూపించాల్సి వచ్చింది.

ఇక 'ద' (the), 'సెడ్' (said) లాంటి మాటలకి ఏ పద్ధతీ పనికిరాదు. అట్టముక్క మీద రాసి చూపించి, "ఇది ఇంతే నాన్నా" అంటాను.