నియర్, క్లోజ్, టైట్: దగ్గరితనానికి ఏ మాట మేలు?

"డాక్టర్ దగ్గరికి వెళ్ళొచ్చాను" అన్న మాటని ఇంగ్లీషులో చెప్పమంటే, నా దగ్గర నేర్చుకునేవాళ్ళు చాలామంది "ఐ వెంట్ నియర్ ద డాక్టర్" అంటారు. తప్పు వాళ్ళది కాదు, మన "దగ్గర"ది. ఆ ఒక్క మాట తెలుగులో ఎంత చాకిరీ చేస్తుందో చూడండి. బస్టాండు దగ్గర ఇల్లు, నా దగ్గర వంద రూపాయలు, దగ్గరి చుట్టం, మాస్టారి దగ్గర నేర్చుకున్న పాట. ఇంగ్లీషు ఈ పనంతా ఒక్క మాట మీద పెట్టదు. డాక్టర్ విషయంలో "టు" చాలు, వంద రూపాయలకి "హావ్" కావాలి. "నియర్" సరిగ్గా సరిపోయేది బస్టాండుకే.

అంటే నియర్ దూరాన్ని కొలిచే మాట. పుట్టుకలోనే ఆ కొలత ఉంది. పాత ఇంగ్లీషులో దగ్గర అనడానికి అసలు మాట "నై". "ఇంకా దగ్గర" అనడానికి వాడిన రూపమే నియర్, "అన్నిటికన్నా దగ్గర" అన్నది నెక్స్ట్. పోనుపోను నియర్ పోలిక కోసం పుట్టిందన్న సంగతి జనం మరిచిపోయారు, దాని మీద మళ్ళీ పోలిక తగిలించి "నియరర్" అన్నారు. పక్కింటివాళ్ళని పిలిచే "నైబర్"లో ఉన్నది కూడా ఆ పాత నై. దగ్గర కాపురముండేవాడు అని అర్థం. నాకు చాలా ఇష్టమైన మాట ఇది.

మరి స్నేహితుడి మాటేమిటి? "నియర్ ఫ్రెండ్" అనకూడదు, "క్లోజ్ ఫ్రెండ్" అనాలి. కానీ చుట్టరికానికి నియర్ చెల్లుతుంది. మన దేశంలో అవయవ మార్పిడి మీద 1994లో వచ్చిన చట్టం "నియర్ రిలేటివ్" అనే మాట వాడింది. భార్య లేదా భర్త, పిల్లలు, తల్లిదండ్రులు, తోబుట్టువులు అని వరస చెప్పింది. తర్వాత సవరణలో తాతయ్యలు, అమ్మమ్మలు, నాయనమ్మలు, మనవలు కూడా చేరారు. ప్రాణం పెట్టే స్నేహితుడైనా ఆ జాబితాలోకి రాడు. వేళ్ళ మీద లెక్కపెట్టగలిగే దగ్గరితనం నియర్, మనసుకి మాత్రమే తెలిసేది క్లోజ్.

క్లోజ్‌కి ఆ బలం ఎక్కడిది? అది లాటిన్‌లో "మూసిన" అనే అర్థమున్న మాట, ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. తలుపు మూస్తే లోపలున్న ఇద్దరి మధ్య మూడోవాళ్ళకి చోటుండదు కదా, దగ్గరితనం అనే అర్థం అక్కడినుంచి సాగింది. ఒక్క జాగ్రత్త: తలుపు మూయమన్నప్పుడు చివర "జ్" పలకాలి, దగ్గర అన్నప్పుడు "స్" పలకాలి. మనం రెండింటినీ "క్లోజ్" అనేస్తాం. తెలుగు మాటల మధ్య అయితే ఫరవాలేదు, ఇంగ్లీషు మాట్లాడేటప్పుడు మాత్రం సరిచేసుకోవడం మంచిది.

టైట్ దారి వేరు. దాని మూలం స్కాండినేవియా వాళ్ళ పాత నార్స్ భాషలో ఉంది. దట్టమైన, నీరు కారని అని అర్థం. "వాటర్‌టైట్", "ఎయిర్‌టైట్" అన్న మాటల్లో ఆ అర్థం చెక్కుచెదరలేదు. ఈ తేడా పిల్లలకి చెప్పడానికి నేను ఆవకాయ జాడీని తెస్తాను. మూత పెట్టాం, జాడీ క్లోజ్ అయింది. గుడ్డతో వాసెన గట్టిగా బిగించి కట్టాం, ఇప్పుడు టైట్ అయింది. మొదటిది మూయడం, రెండోది సందు లేకుండా చేయడం. అమెరికాలో కుర్రకారు ప్రాణస్నేహితుల గురించి "వీ ఆర్ టైట్" అనడమూ ఉంది. వినడానికి బాగుంటుంది గానీ ఉద్యోగం అప్లికేషన్‌లో రాయొద్దు, అక్కడ క్లోజే మేలు.

బట్టల దగ్గర టైట్‌కి పోటీ "స్నగ్". కొత్త జాకెట్టు వేసుకుని "టైట్ అయింది" అంటే టైలర్ కుట్లు విప్పాల్సిందే. ఒంటికి అతికినట్టు ఉండి, ఊపిరి హాయిగా ఆడుతుంటే అది స్నగ్. మెచ్చుకోవాలంటే స్నగ్ అనండి.

పాతవాటిలో నై ఇప్పుడు మామూలు మాటల్లో బతికిలేదు. చదివితే అర్థమైతే చాలు. "స్ట్రెయిట్" మాత్రం పట్టించుకోదగ్గది. తిన్నని అనే అర్థమున్నది కాదు, స్పెల్లింగులో జీ, హెచ్ లేనిది. పాక్ జలసంధిని పిలిచే మాట అదే, అర్థం ఇరుకు. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో స్వర్గానికి పోయే ద్వారానికి ఈ మాటే వాడారు. చాలామంది ఇంగ్లీషువాళ్ళే దాన్ని "తిన్నని" అనుకుంటారు. తెలుగు బైబిల్ చదివినవాళ్ళకి ఆ పొరపాటు రాదు, అందులో సూటిగా "ఇరుకు ద్వారము" అని ఉంది. మన "స్ట్రిక్ట్ మాస్టారు"లోని స్ట్రిక్ట్, రోజూ అనుకునే స్ట్రెస్, ఈ స్ట్రెయిట్ అన్నీ బిగించడం అనే ఒకే లాటిన్ వేరులోవి.

డబ్బు సంగతి వస్తే టైట్, స్ట్రెయిట్ రెండూ పనికొస్తాయి, తీవ్రతలో తేడా. నెలాఖరుకి చేతిలో డబ్బు ఆడకపోతే "మనీ ఈజ్ టైట్". జీతం ఆగి, అప్పు కూడా పుట్టక ఇరుకున పడితే "డైర్ స్ట్రెయిట్స్".