రబ్బరు మొక్క కొంటున్నారా? ఆకుల మెరుపు కాదు, కుండీ అడుగు చూడండి

ఇంట్లో పెట్టుకోవడానికి పెద్ద రబ్బరు మొక్క కొందామనుకుంటున్నవాళ్లు డబ్బు కట్టేముందు ఇది ఒకసారి చదవండి. నేను ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న మొక్క ఐదు వారాల్లో చావు దాకా వెళ్లింది. తప్పు నాదేనని చాలా రోజులు బాధపడ్డాను. కుండీలోంచి తీసి చూశాకే అసలు విషయం తెలిసింది.

మొక్క వచ్చిన రోజు ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. నా నడుము దాకా ఎత్తు, ఒకే కుండీలో మూడు కాండాలు, నలుపు తిరిగిన ముదురు ఎరుపు ఆకులు. ఒక్కో ఆకూ నూనె రాసినట్టు మెరుస్తోంది. తెల్లటి పింగాణీ కుండీ, మట్టి కనబడకుండా పైన అందంగా పేర్చిన గులకరాళ్లు. దాంతోపాటు ఒక కార్డు కూడా వచ్చింది. రోజూ ఒక కప్పు నీళ్లు పోయమని, ఎండ అక్కర్లేదని, ఏ మూల పెట్టినా పెరుగుతుందని, గదిలో గాలిని శుభ్రం చేస్తుందని అందులో ఉంది. అమ్మేవాళ్లకు తెలియకుండా ఉంటుందా అని నమ్మి, కిటికీకి దూరంగా సోఫా పక్కన పెట్టి, రోజూ కొలిచి మరీ నీళ్లు పోశాను.

12వ రోజు కింది ఆకు ఒకటి పసుపు పచ్చగా మారింది. చోటు మారిన మొక్క ఒకటి రెండు ఆకులు రాల్చడం మామూలే కాబట్టి పట్టించుకోలేదు. మూడో వారానికి ఐదు ఆకులు పోయాయి. ముట్టుకుంటే చాలు, ఆకు తొడిమతో సహా ఊడి చేతిలోకి వస్తోంది. నీళ్లు చాలడం లేదేమోనని ఇంకో అర కప్పు పెంచాను. దయచేసి ఈ తప్పు మీరు చేయకండి. నీళ్లు తక్కువైనా ఆకులు వాలతాయి, ఎక్కువైనా వాలతాయి. వేరు కుళ్లిపోతే చుట్టూ ఎన్ని నీళ్లున్నా అది పీల్చుకోలేదు. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి, తేడా తెలిసేది మట్టిని ముట్టుకుంటేనే.

ముట్టుకుందామంటే రాళ్లు కదల్లేదు. వాటిని జిగురుతో అతికించారు.

ఐదో వారంలో కుండీ దగ్గర మురుగు వాసన మొదలైంది. ఇక లాభం లేదని స్క్రూడ్రైవర్‌తో రాళ్ల పలక పెకలించి మొక్కను బయటికి లాగాను. పింగాణీ కుండీకి అడుగున చిల్లు లేదు. నాలుగు వేళ్ల లోతు నీళ్లు నిలిచి ఉన్నాయి. కుండీలో ఉన్నది మూడు కాండాల మొక్క అనుకున్నాను కదా, అది ఒకే మొక్క కాదు. మూడింటిలో రెండింటికి వేర్లే లేవు, ఉత్త కొమ్మలు. కోసి, కొబ్బరి పొట్టులో గుచ్చి, నిండుగా కనబడేలా నిలబెట్టారు. కొన్ని వారాల పాటు తమలో ఉన్న తడితోనే పచ్చగా నిలబడ్డాయంతే. మూడోదానికి వేర్లు ఉన్నాయి గానీ, వాటి చుట్టూ నర్సరీలో వేసిన సన్నటి వల గుడ్డ బిగుసుకుపోయి ఉంది. లోపలి వేర్లు గోధుమ రంగులోకి తిరిగి, పట్టుకుంటే తొక్క ఊడి, లోపల దారం లాంటిది మిగులుతోంది. వేరుకుళ్లు అంటే ఇదే. బతికున్న వేరు గట్టిగా ఉంటుంది, వాసన రాదు.

ఆకుల మెరుపు సంగతి కూడా చెప్పాలి. తడిగుడ్డతో తుడిస్తే జిడ్డు వచ్చింది. మెరుపు కోసం కొట్టే స్ప్రే అది. దాని వల్ల దుమ్ము ఇంకా ఎక్కువ అంటుకుంటుంది, ఆకు ఊపిరి తీసుకునే రంధ్రాలు కూడా మూసుకుపోవచ్చు. ఆకు తిప్పి చూస్తే మధ్య ఈనె పొడవునా దూది ముద్దల్లాంటి పిండినల్లి పురుగులు. అప్పటికే పక్కనున్న మనీ ప్లాంట్‌కు కూడా పాకింది. కొత్త మొక్క ఏది తెచ్చినా కనీసం రెండు మూడు వారాలు మిగతా మొక్కలకు దూరంగా ఉంచాలని నాకు అప్పుడు అర్థమైంది.

అమ్మినవాళ్లకు ఫోటోలన్నీ పంపాను. 48 గంటలు దాటితే బాధ్యత తమది కాదన్నారు. రెండోసారి రాస్తే, ‘మీరే నీళ్లు ఎక్కువ పోశారు’ అని జవాబు. రోజూ ఒక కప్పు పోయమని వాళ్ల కార్డులోనే ఉందని ఫోటో తీసి పంపాక అసలు జవాబే లేదు. పార్సిల్ విప్పుతున్నప్పుడే వీడియో తీసి, అదే రోజు మొక్కను కుండీలోంచి పైకెత్తి చూసి ఉంటే నా డబ్బు వెనక్కి వచ్చేదేమో. మీరు మాత్రం ఆ 48 గంటల్లోనే అన్నీ చూసుకోండి.

చూడాల్సినవి పెద్ద కష్టమైనవేం కావు. కుండీ అడుగున చిల్లు ఉందా? కాండాన్ని మొదట్లో పట్టుకుని మెల్లగా కదిపితే మట్టి ముద్ద మొత్తం కదలాలి. కాండం ఒక్కటే వదులుగా ఊగిందంటే కింద వేరు లేదని అనుమానించాలి. ప్రతి ఆకునూ తిప్పి అడుగు భాగం, తొడిమ మొదలు చూడాలి. గోధుమ రంగు చిన్న బుడిపెలు గోటితో గీకితే ఊడివస్తే అవి పొలుసు పురుగులు. కొమ్మ కొస దగ్గర సూదిగా ఉండే ఎర్రటి తొడుగు చూసి మాత్రం భయపడకండి. కొత్త ఆకు ఆ తొడుగులోంచే వస్తుంది, ఆకు విచ్చుకున్నాక అది ఎండి రాలిపోతుంది. నిజానికి అది మొక్క బాగుందనడానికి గుర్తు. దూరం నుంచి తెప్పించుకుంటుంటే కుండీ అడుగు, ఆకుల వెనక వైపు ఫోటోలు ముందే అడగండి. పంపడానికి వెనకాడేవాళ్ల దగ్గర నేనైతే కొనను.

ఇక ఆ కార్డులో రాసినవాటి గురించి. ఈ మొక్క ఫైకస్ ఎలాస్టికా, మర్రి, రావి చెట్ల జాతిదే. ఈశాన్య భారతం నుంచి ఇండోనేషియా దాకా అడవుల్లో మహావృక్షంగా పెరుగుతుంది. మేఘాలయలో వాగుల మీద కనిపించే సజీవ వేళ్ల వంతెనలు దీని ఊడలతో అల్లినవే. అలాంటి చెట్టును చీకటి మూలలో పెడితే వెంటనే చావకపోవచ్చు గానీ, కణుపుల మధ్య దూరం పెరిగి, కింది ఆకులు రాలి, బోసిగా సాగిపోతుంది. కిటికీ పక్కన, వెలుతురు బాగా పడుతూ మధ్యాహ్నపు ఎండ నేరుగా తగలని చోటు దీనికి సరైనది. నీడలో ఉన్నదాన్ని ఒక్కసారిగా ఎండలోకి జరిపితే ఆకుల మీద తెల్లగా ఎండిన మచ్చలు పడతాయి. తెలుపు, గులాబీ మచ్చలున్న రకాలకు వెలుతురు ఇంకా ఎక్కువ కావాలి.

నీళ్లు రోజు లెక్కన పోసేది కాదు. వేలు రెండు అంగుళాల లోతు దించితే పొడిగా తగలాలి, అప్పుడు అడుగు చిల్లులోంచి కారేదాకా పోసి, పళ్లెంలో నిలిచిన నీళ్లు పారబోయాలి. వేసవిలో అది వారం కావచ్చు, చలికాలంలో రెండు మూడు వారాలు కూడా పట్టొచ్చు. కుండీ అడుగున రాళ్లు పరిస్తే నీళ్లు బాగా దిగుతాయని చాలామంది చెబుతారు, అది కూడా నమ్మకండి. నీళ్లు రాళ్ల పైన ఉన్న మట్టిలోనే ఆగి, ఆ తడి వేర్లకు ఇంకా దగ్గరవుతుంది. చిల్లున్న కుండీ, గుల్లగా ఉండే మట్టి, ఈ రెండూ ఉంటే చాలు.

గాలిని శుభ్రం చేస్తుందనే మాటకు మూలం 1989లో నాసా చేసిన ప్రయోగాలు. అవి గాలి చొరబడని చిన్న పెట్టెల్లో చేసినవి. అలాంటి ప్రయోగాల ఫలితాలను కలిపి లెక్కగట్టి 2019లో వచ్చిన ఒక పరిశీలన, ఇంట్లో గాలి రాకపోకలతో సమానంగా పనిచేయాలంటే చదరపు మీటరుకు 10 నుంచి 1000 మొక్కలు కావాలని తేల్చింది. అందం కోసం కొనండి, ఈ మాట విని ఎక్కువ డబ్బు పెట్టకండి.

కార్డులో రాయాల్సింది, రాయనిది ఇంకొకటి ఉంది. ఆకు తెంపినా కొమ్మ కోసినా తెల్లటి పాలు కారతాయి. చర్మానికి మంట, దురద పుట్టించవచ్చు, కంట్లో పడితే ఇంకా ప్రమాదం. లేటెక్స్ (రబ్బరు పాలు) అలర్జీ ఉన్నవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. పిల్లులు, కుక్కలు నమిలితే వాంతులు చేసుకుంటాయి. చిన్నపిల్లలున్న ఇంట్లో చేతికందకుండా పెట్టండి.

నా మొక్కను ఎలా కాపాడుకున్నానంటే, కుళ్లిన వేర్లన్నీ శుభ్రమైన కత్తెరతో తీసేసి, వల గుడ్డ కోసి తీసి, మిగిలిన వేరు ముద్దకు సరిపడా చిన్న కుండీలో కొత్త మట్టితో నాటాను. పెద్ద కుండీలో పెడితే తడి ఎక్కువ రోజులు ఆగి మళ్లీ కుళ్లేది. వేర్లు లేని రెండు కొమ్మల్ని కుళ్లు కనబడని చోటు దాకా పైకి కోసి, పాలు కడిగి, కింది ఆకులు తీసేశాను. పై ఆకుల్ని గొట్టంలా చుట్టి రబ్బరు బ్యాండ్ వేసి, తడి పెర్లైట్‌లో (మొక్కలకు వాడే తేలికైన తెల్లటి గుళికలు) గుచ్చి ప్లాస్టిక్ కవరు కప్పాను. ఆకు చుట్టడం ఎందుకంటే, అంత వెడల్పు ఆకులోంచి ఆవిరయ్యే నీటిని వేరు లేని కొమ్మ తట్టుకోలేదు. పిండినల్లికి లీటరు నీళ్లలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొన్ని చుక్కల సబ్బు ద్రావణం కలిపి, సాయంత్రం పూట వారానికోసారి నాలుగు వారాలు కొట్టాను. ఒక్కసారితో పోదు, గుడ్లు మిగిలి మళ్లీ వస్తాయి.

కొమ్మల్లో ఒకటి పోయింది. రెండోదానికి ఏడో వారంలో వేరు కనబడింది. వేర్లున్న మొక్క మూడు నెలలు కదలకుండా నిలబడి, కిందటి వారమే ఎర్రటి తొడుగు విప్పి ఒక ఆకు వేసింది. చిన్నదే, అరచేయంత, కానీ నేను ఏ స్ప్రే కొట్టకుండానే మెరుస్తోంది.

మీ ఇంట్లో ఇప్పటికే ఇలాంటి అతికించిన రాళ్ల కుండీ ఉంటే, మొక్క బాగానే కనబడుతున్నా సరే, ఈరోజే రాళ్లు తీసి వేలు పెట్టి చూడండి.