సోయా గింజా, గుడ్డు పచ్చసొనా: స్ఫింగోలిపిడ్ల పోలిక

మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా రాజురా వైపు వానాకాలం పంటంటే పత్తి, సోయా. మా వంటింట్లో రాత్రి నానబెట్టిన సోయా పొట్టు పొద్దుటికల్లా నీళ్లపై తేలుతుంటుంది, పక్కనే ఉడికిన గుడ్లు. ప్రొటీన్ లెక్క అందరూ చూస్తారు. నాకు వాటిలోని స్ఫింగోలిపిడ్లంటే ఇష్టం, అంటే కణాల పొరల్లో కనిపించే ఒక రకం కొవ్వులు.

రెండింటికీ పునాది సిరామైడే: స్ఫింగాయిడ్ అనే పొడవైన కార్బన్ గొలుసుకు అతుక్కున్న ఫ్యాటీ యాసిడ్. తేడా తల దగ్గర, అంటే సిరామైడ్ చివర అతికిన భాగం దగ్గర మొదలవుతుంది. పచ్చసొనలో ఆ తల ఫాస్ఫోకోలిన్, ఆ తల ఉన్న అణువునే స్ఫింగోమైలిన్ అంటారు. సోయాలో అది ఉండదు. అక్కడ ఒక గ్లూకోజ్ ఉంటుంది, లేదా ఇనోసిటాల్ ఫాస్ఫేట్ మీద చక్కెరల వరస ఉంటుంది. ఈ రెండో రకం మామూలు ద్రావకాల్లో సరిగా కరగదు, అందుకే చాలాకాలం లెక్కలోకి రాలేదు.

స్ఫింగాయిడ్ గొలుసు ఇంకా ముచ్చటైనది. రెండింట్లోనూ ప్రధానంగా 18 కార్బన్లే. గుడ్డులో ఒక ద్విబంధం, సోయా గ్లూకోజ్ రకంలో 4, 8 స్థానాల్లో రెండు. ఫ్యాటీ యాసిడ్ రెండు చోట్లా ఎక్కువగా 16 కార్బన్లదే, కాకపోతే సోయా గ్లూకోజ్ రకానికి అదనంగా ఒక హైడ్రాక్సిల్ (OH) ఉంటుంది. ఇంత చిన్న మార్పుకే మన పేగు తేడా పట్టేస్తుంది: సోయా గొలుసును పేగు కణాలు చాలావరకు తిరిగి బయటికి నెట్టేస్తాయని ప్రయోగాల్లో కనిపించింది.

అందుకే శరీరంలోకి చేరే విషయంలో నా ఓటు గుడ్డుకే. సోయా కావాలంటే గింజే తినాలి, రిఫైన్డ్ నూనెలో ఈ పొర కొవ్వులు దాదాపు మిగలవు.