ఫ్లైబైవైర్ ఏ320 నియో: టేకాఫ్, క్లైంబ్‌లో ఆటోపైలట్ నేర్చుకోవడానికి ఎలా ఉంది?

ఆటోపైలట్‌ని పనిలో పెట్టే ఏపీ1 బటన్ నొక్కడం ఎవరికైనా వస్తుంది. నొక్కాక విమానం ఏం చేయబోతోందో ముందే చెప్పగలుగుతున్నామా అన్నదే అసలు సంగతి. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ గేమ్ కోసం ఫ్లైబైవైర్ బృందం చేసిన ఏ32ఎన్ఎక్స్‌ను, అంటే ఎయిర్‌బస్ ఏ320 నియో నమూనాను, చాలాకాలంగా ఎగరేస్తున్నాను. ఓపెన్ సోర్స్, పైసా ఖర్చు లేదు. ఉచితం కదా అని దించుకున్నాను, మంచి గురువని తర్వాత తెలిసింది.

"టేకాఫ్ కూడా కంప్యూటరే చేసేస్తుందట కదా" అని బంధువుల్లో ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. ఏ320కి తనంతట తాను దిగడం వచ్చు, లేవడం రాదు. ఎయిర్‌బస్ 2019 డిసెంబరులో తులూజ్‌లో ఒక ఏ350-1000ను కెమెరాల సాయంతో తనంతట తానే లేచేలా చేసింది గానీ, అది పరీక్ష విమానం. మన ఏ320లో రన్‌వే మీద పరుగు, ముక్కు లేపడం మన చేతి పనే. నేల వదిలి 100 అడుగులు దాటేదాకా ఆటోపైలట్ జోలికి వెళ్లకూడదు.

మరి యూట్యూబ్ పాఠాల్లో చాలావాటి తీరు ఏమిటంటే, "100 అడుగులకి ఏపీ1 నొక్కండి" అని చెప్పి ఊరుకుంటాయి. నొక్కితే దేన్ని పట్టుకుని ఎగురుతుందో చెప్పవు. ఆటోపైలట్‌కి సొంత ఆలోచన ఉండదు. ముక్కు ఎటు తిప్పాలో స్క్రీన్ మీద చూపే ఫ్లైట్ డైరెక్టర్ పచ్చగీతలు ఎటు చూపిస్తే అటు పోతుంది, అంతే. ఆ గీతలకి బుద్ధి చెప్పేది మనం గేటు దగ్గర ఎంసీడీయూలో, అంటే కాక్‌పిట్‌లో వివరాలు ఎక్కించే కీబోర్డు స్క్రీన్‌లో, కొట్టిన అంకెలు. అందులో వేగాలు, ఎత్తులు ఉండే పెర్ఫ్ పేజీలో వీ2 (ఒక ఇంజిన్ ఆగినా క్షేమంగా ఎక్కగల వేగం) కొట్టలేదా, పవర్ ఇచ్చాక ఎస్‌ఆర్‌ఎస్ రాదు. ఎస్‌ఆర్‌ఎస్ అంటే లేచాక వీ2 కంటే 10 నాట్లు ఎక్కువ వేగం నిలిపేలా ముక్కు ఎంత ఎత్తాలో చెప్పే మోడ్. అది లేకపోతే టేకాఫ్‌లో డైరెక్టర్ దగ్గర చెప్పడానికేమీ ఉండదు.

అందుకే నా దృష్టి అంతా స్క్రీన్ పైభాగంలో ఏయే మోడ్‌లు పనిచేస్తున్నాయో చూపే ఎఫ్‌ఎంఏ వరుస మీదే. థ్రస్ట్ లివర్లు ఫ్లెక్స్‌కి (పూర్తి శక్తి కంటే తక్కువతో లేచే గాడి) నెట్టగానే చదువుకుంటాను: మ్యాన్ ఫ్లెక్స్, ఎస్‌ఆర్‌ఎస్, రన్‌వే, చివర నీలం రంగులో ఏ/టీహెచ్ఆర్, అంటే ఇంజిన్ శక్తిని తనే సర్దే ఆటోథ్రస్ట్. నీలం అంటే సిద్ధంగా ఉంది, ఇంకా పనిలోకి దిగలేదు. లేచాక 30 అడుగులకి నావ్ (ప్లాన్‌లోని దారి పట్టే మోడ్) పచ్చబడుతుంది. ఇవన్నీ సరిగ్గా కనిపించాకే ఏపీ1. కర్రని వదిలేసి మరీ నొక్కాలి. ఇంకా లాగుతూ ఉంటే నిజం విమానంలో లాగే ఆటోపైలట్ తప్పుకుంటుంది.

తర్వాతి ఘట్టం ఎఫ్‌ఎంఏలో ఎల్‌వీఆర్ సీఎల్‌బీ, అంటే లివర్లు క్లైంబ్‌కి తెమ్మన్న సూచన. థ్రస్ట్ తగ్గించాల్సిన ఎత్తు రాగానే ఈ అక్షరాలు మినుకుమినుకుమంటాయి, లివర్లు ఒక మెట్టు కిందికి క్లైంబ్ గాడిలోకి లాగాలి. అప్పుడే ఆటోథ్రస్ట్ తెల్లబడి పని అందుకుంటుంది. ఆ ఎత్తు పెర్ఫ్ పేజీలో సముద్రమట్టం లెక్కన ఉంటుంది, విమానాశ్రయం ఎత్తుకి 1500 అడుగులు కలిపి. శంషాబాద్ 2024 అడుగుల మీద ఉంది కాబట్టి దాదాపు 3520 చూపిస్తుంది. గన్నవరంలో అయితే 1600కి అటూఇటూ. రెండు చోట్ల నుంచీ లేచి చూస్తే ఈ లెక్క ఇట్టే బుర్రకెక్కుతుంది.

చిక్కల్లా చవక జాయ్‌స్టిక్‌తోనే. నా దానికి (పేరెందుకులెండి) థ్రాటిల్ ఒక ప్లాస్టిక్ స్లైడర్. గాడి లేదు, టక్కు లేదు. కాక్‌పిట్‌లోని టాబ్లెట్ ఫ్లైప్యాడ్‌లో థ్రాటిల్ కాలిబ్రేషన్ పేజీ ఉంది. ఐడిల్, క్లైంబ్, ఫ్లెక్స్, పూర్తి శక్తి ఇచ్చే టోగాలకి ఒక్కోదానికి ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకా అని హద్దులు పెట్టుకోవచ్చు. క్లైంబ్ హద్దు కాస్త వెడల్పుగా పెట్టి, స్లైడర్ పక్కన తెల్ల టేపు అంటించి పెన్నుతో గీత గీశాను. స్లైడర్ గీతకి కొంచెం కిందికి జారినా ఎల్‌వీఆర్ సీఎల్‌బీ ఆరదు. సిమ్ పాడైందని తిట్టుకునేవాళ్లు ముందు ఈ పేజీ చూడండి.

అక్కణ్ణుంచి హాయి. ముక్కు కాస్త దిగి వేగం పుంజుకుంటుంది. వేగం చూపే స్పీడ్ టేప్ మీది పచ్చని ఎస్ గుర్తు దాటాక ఫ్లాప్స్ సున్నా. 10,000 అడుగుల దాకా 250 నాట్లు, ఆపైన విమానం తన లెక్క తాను చూసుకుంటుంది. ఎత్తు నాబ్‌ని లోపలికి నొక్కితే క్లైంబ్ మోడ్, బయటికి లాగితే ఓపెన్ క్లైంబ్. ఈ తేడా తెలియడానికి దారిలో ఎత్తు పరిమితి ఉన్న డిపార్చర్ (విమానాశ్రయం నుంచి బయటపడే నిర్ణీత దారి) ఒకటి ఎంచుకోండి. నొక్కితే ఆ పరిమితి దగ్గర ఆగుతుంది. లాగితే దాన్ని లెక్కచేయకుండా మీరు తిప్పిపెట్టిన ఎత్తుకి పోతుంది. పుస్తకంలో పేజీలు తిప్పినా ఇంత స్పష్టంగా అర్థం కాలేదు నాకు.

బోయింగ్ 737తో మొదలుపెట్టొచ్చా అని అడిగేవాళ్లకి: పెట్టొచ్చు, కానీ అక్కడ టోగా బటన్ నొక్కితే కాక్‌పిట్‌లో లివర్లు వాటంతటవే కదులుతాయి, మీ బల్ల మీది థ్రాటిల్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. కొత్తలో ఇది తికమక. ఏ320లో లివర్లు వాటంతటవి కదలవు కాబట్టి ఇంటి సామాన్లతో ఇదే సులువు.

వెర్షన్లు ప్రధానంగా రెండు. డెవలప్‌మెంట్ అంటే తరచూ మారేది. అలవాటు పడుతున్న రోజుల్లో అది వద్దు, స్టేబుల్ వేసుకోండి. ఫ్లైట్ ప్లాన్ సింబ్రీఫ్ అనే వెబ్‌సైట్ నుంచి నేరుగా దించుకోవచ్చు గానీ, మొదట్లో ఎంసీడీయూలో చేత్తోనే కొట్టండి. ఏపీ1 కూడా కొన్నాళ్లు మానేసి, 10,000 అడుగుల దాకా పచ్చగీతల వెంట చేత్తోనే ఎక్కండి.