ఊరికే వచ్చిన ఎస్ఎంపీఎస్: ఏడేళ్ల అసెంబుల్డ్ కంప్యూటర్ మీద నా గోడు

2018 దసరాకు కొన్న అసెంబుల్డ్ కంప్యూటర్ ఇది. ర్యామ్ ఎంత, ప్రాసెసర్‌లో కోర్లు ఎన్ని లాంటివి రాయను. ఇవాళ ఆ సరుకు ఎవరూ కొనరు, ఎవరూ అమ్మరు. కర్నూలు వెంకటరమణ కాలనీలో మా మిద్దె మీది గదిలో, బేతంచర్ల నాపరాయి మీద కూర్చుని ఏడేళ్లుగా నాకు అన్నం పెడుతోంది. నాలుగు బట్టల షాపులు, ఒక ఎరువుల అంగడి, రెండు మెడికల్ షాపుల లెక్కలు ట్యాలీ అనే అకౌంట్ల సాఫ్ట్‌వేర్‌లో రాసి జీఎస్టీ రిటర్నులు వేయడం నా పని.

నా కోపమంతా ఇందులోని ఒక్క వస్తువు మీదే. కేబినెట్ (సీపీయూ డబ్బా) కొంటే అందులోనే బిగించి ఊరికే ఇచ్చిన ఎస్ఎంపీఎస్ మీద, అంటే ఇంటి కరెంటును లోపలి భాగాలకు సరిపడేలా మార్చి ఇచ్చే పెట్టె మీద. ఊరికే వచ్చింది కదా అని మురిసిపోయాను. అది నన్ను ఏడాది పాటు ఏడిపించింది.

మొదటి నాలుగేళ్లు దీన్ని పొగడని రోజు లేదు. బ్రాండెడ్ దండగ, అసెంబుల్డ్ చేయించుకోండి అని అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పాను. మా ఆడపడుచు నా మాట విని చేయించుకుంది కూడా. ఆ మాట వెనక్కి తీసుకోను గానీ, అప్పట్లో ఒక్కసారైనా కేబినెట్ మూత తీసి లోపల ఏముందో చూసి ఉంటే అంత గట్టిగా చెప్పేదాన్ని కాదు.

2023 సంక్రాంతి తర్వాత పాత హార్డ్ డిస్క్ తీసేసి, తిరిగే భాగాలు లేని వేగమైన ఎస్ఎస్‌డీ పెట్టించాను. టీ పెట్టుకుని వచ్చేంతసేపు పట్టే విండోస్ పదిహేను సెకన్లలో వచ్చేసింది. ఇంత సుఖం ఇన్నాళ్లు ఎందుకు వదులుకున్నానా అనిపించింది. ఆ సుఖం రెండు వారాలే. తర్వాత హ్యాంగ్ అవడం మొదలైంది.

హ్యాంగ్ అంటే మామూలు హ్యాంగ్ కాదు. స్క్రీను మీద ఏదుంటే అది అట్లాగే ఉండిపోతుంది. మౌస్ కదలదు. ఫ్యాన్ మాత్రం ఏమీ ఎరగనట్టు తిరుగుతూ ఉంటుంది. నమ్‌లాక్ నొక్కితే కీబోర్డు మీది లైటు వెలగదు, ఆరదు. ఇది గుర్తు పెట్టుకోదగ్గ పరీక్ష: ఆ లైటు మారుతుంటే ఏదో ఒక ప్రోగ్రామో, స్క్రీనో ఇరుక్కుని ఉంటుంది, కాసేపు ఆగి చూడొచ్చు. లైటు కూడా బిగుసుకుపోయిందంటే పవర్ బటన్ గట్టిగా పట్టుకోవడం తప్ప దారి లేదు. కుడివైపు మూలన గడియారం తన ప్రాణం పోయిన టైము చూపిస్తూ నిలబడి ఉంటుంది. బ్లూ స్క్రీన్ రాదు, ఎర్రర్ నంబరు ఉండదు. విండోస్ తన లోపాలు రాసుకునే ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే ప్రతిసారీ ఒకటే మాట, కెర్నల్-పవర్ 41. అదేదో రోగం పేరనుకుని రెండు రాత్రులు వెతికాను. సరిగ్గా షట్‌డౌన్ చేయకుండా ఆపారు అని మాత్రమే దాని అర్థం. బటన్ నొక్కింది నేనే, దాని మీద నాకే ఫిర్యాదు.

జూన్ 20న, అంటే నెలవారీ జీఎస్టీ 3బీ రిటర్నుకు ఆఖరి రోజున, ఓటీపీ కోసం ఒక షాపాయనకు ఫోన్ చేశాను. ఆయన పెళ్లిలో ఉన్నారట, పది నిమిషాల్లో చెప్తానన్నారు. వెనక ట్యాలీ తెరిచే ఉంది. పది కాస్తా ఇరవై అయింది. ఆయన ఓటీపీ చదివేసరికి నా స్క్రీను 4:37 దగ్గర నిలిచిపోయి ఉంది. మళ్లీ ఆన్ చేస్తే ట్యాలీలో ఆ కంపెనీ డేటా దెబ్బతింది. డేటాను సరిచేసే రీరైట్ నడిపినా రెండు రోజుల ఎంట్రీలు పోయాయి. ఆ రాత్రి పన్నెండు దాకా తినకుండా టైపు చేశాను.

తర్వాత మొదలయ్యాయి అగచాట్లు. కంప్యూటర్ షాపుకు తీసుకుపోతే (పేరెందుకులెండి) మొదటి మాట "ఎండకు మేడం, కర్నూలు కదా". కర్నూలులో ఏది చెడిపోయినా ఎండ మీదికి నెట్టేయడం సులువు. ప్రాసెసర్ మీద ఎండిపోయిన పేస్టు మార్చారు. టెంపరేచర్ పది డిగ్రీలు తగ్గింది, హ్యాంగ్ మాత్రం తగ్గలేదు. తర్వాత ఫార్మాట్ అన్నారు. ఒకటి కాదు, మూడుసార్లు, సారికి 500. ఎస్ఎస్‌డీ పెట్టినప్పటి నుంచే కదా అని దాన్ని వారంటీలో మార్పించాను, తేడా లేదు. ర్యామ్ ముక్కలు తీసి, ఆ బంగారు రంగు గీతలు మా అమ్మాయి రబ్బరుతో తుడిచి పెట్టాను. ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్ పెన్ డ్రైవ్‌లో వేసి రాత్రంతా నడిపితే తెల్లారి సున్నా తప్పులు. షాపులో రెండు రోజులు పెట్టుకుని గేములు ఆడించి చూశారట. "నిక్షేపంగా ఉంది మేడం, మీ ఇంటి కరెంటు చూపించుకోండి" అన్నారు. స్కూటర్ మీద కాళ్ల దగ్గర సీపీయూ పెట్టుకుని, రాజ్‌విహార్ సెంటర్ దాటి ఇంటికి తెచ్చి, తీగలన్నీ తగిలించి, అన్నం తిని వచ్చేసరికి స్ట్రక్.

అసలు సంగతి పట్టుకుంది మా అత్తమ్మ. హ్యాంగ్ అయినప్పుడల్లా టైము ఎక్కడో ఒకచోట రాయాలని, గోడ మీది తెలుగు క్యాలెండర్‌లో పాల లెక్క వేసే గళ్లలోనే గీకేసేదాన్ని. పాలవాడికి డబ్బులిచ్చే రోజు ఆమె అద్దాలు పెట్టుకుని లెక్క చూస్తూ, అర లీటరు పక్కన 1:20, 4:37 అని అంకెలు కనపడేసరికి గొడవ పెట్టుకుంది. అవేంటో చెప్పాను. కాసేపు చూసి అంది: "ఏమ్మా, ఇది నువ్వు లేచిపోయినప్పుడే గదా నిల్చిపోతాంది? ఒంటిగంటకు అన్నానికి దిగుతావు, సాయంత్రం నీళ్లొచ్చే టయానికి పోతావు. నువ్వు కూర్చోనుంటే దానికి ఏం కాదే. ఎవరూ పలకరించకపోతే అలుగుతాదేమో."

నవ్వాను. తర్వాత గళ్లు మళ్లీ చూస్తే నవ్వు ఆగింది. ముప్పై రెండుసార్లలో ఒక్కటి కూడా నేను పనిలో ఉన్నప్పటిది కాదు.

నంద్యాలలో ఇన్వర్టర్లు బాగుచేసే మా తమ్ముడికి ఫోన్‌లో ఇది చెప్పాను. "అక్కా, మీరు చేసినవన్నీ దాన్ని పరిగెత్తించి చూసే టెస్టులు. పండబెట్టి ఎవరన్నా చూసినారా?" అన్నాడు. నిజమే. మెమ్‌టెస్ట్ నడిచినా, గేము ఆడినా అది మెలకువగానే ఉంటుంది. పరీక్ష పెట్టినంతసేపూ పాసవుతూనే ఉంటుంది.

ఆదివారం వచ్చి వాడు చెప్పింది నాకు అర్థమైనంత వరకు ఇది. ఇప్పటి ప్రాసెసర్లు పని లేకపోతే ఊరికే కూర్చోవు, గాఢంగా నిద్రపోతాయి. ఆ నిద్ర స్థితిని సీ6 అంటారు. కోర్లకు కరెంటు దాదాపు ఆపేస్తాయి. అప్పుడు ఎస్ఎంపీఎస్ 12 వోల్టుల లైను మీద లోడు ఒక్కసారిగా సున్నాకు దగ్గరగా పడిపోతుంది. పాత డిజైన్ ఎస్ఎంపీఎస్‌లు ఎక్కువ లోడును మోస్తాయి గానీ అంత తక్కువ లోడులో వోల్టేజీని నిలకడగా ఉంచలేవు. అది ఊగితే ప్రాసెసర్ నిద్రలోనే పోతుంది. 2013లో ఇంటెల్ హాస్వెల్ ప్రాసెసర్లు వచ్చినప్పుడే దీని మీద పెద్ద చర్చ జరిగిందట. వాటి నిద్ర స్థితిలో 12 వోల్టుల లైను 0.05 ఆంపియర్ల దగ్గర కూడా నిలబడాలి, అంతకుముందు 0.5 దాకా తట్టుకుంటే చాలు.

మరి నాలుగేళ్లు ఎందుకు బాగుంది? పాత హార్డ్ డిస్క్ మోటరు తిరిగేది 12 వోల్టుల మీద. ఎస్ఎస్‌డీ తినేది 5 వోల్టులే. హార్డ్ డిస్క్ తీసేశాక ఆ లైను మీద మిగిలిన కాస్త బరువు కూడా పోయింది. ఇది మా తమ్ముడి ఊహే గానీ, ఫోటోల కోసం ఆ పాత డిస్క్ మళ్లీ తగిలిస్తే నాలుగు రోజులు ఒక్క హ్యాంగ్ లేదు. ఐదో రోజు అయింది. చూస్తే, ఇరవై నిమిషాలు వాడకపోతే హార్డ్ డిస్క్ ఆపెయ్యమని విండోస్‌లో ఉంది. అది పడుకున్నాకే ఇదీ పడుకున్నట్టుంది. ఎస్ఎస్‌డీని ఎంత మెచ్చుకున్నానో గుర్తుందిగా. ఇప్పుడూ మెచ్చుకుంటాను, కాస్త నెమ్మదిగా.

మందు బయాస్‌లో, అంటే విండోస్ కంటే ముందు లేచే మదర్‌బోర్డు సొంత ప్రోగ్రాములో ఉందన్నాడు. పవర్ సప్లై ఐడిల్ కంట్రోల్ అనే సెట్టింగు. ఆటోలో ఉన్నదాన్ని టిపికల్ కరెంట్ ఐడిల్‌కు మార్చాలి. అంత గాఢ నిద్రలోకి పోనివ్వకుండా కాస్త కరెంటు తాగుతూ ఉండమని చెప్పడమన్నమాట. అన్ని ప్రాసెసర్లకూ ఇది ఉండదు, నాదాని బోర్డులో ఉండాలి. కానీ వెతికితే లేదు. కొత్త బయాస్ వెర్షన్‌లోనే ఆ ఆప్షన్ ఇచ్చారు.

బయాస్ అప్‌డేట్ చేసేటప్పుడు కరెంటు పోతే బోర్డు రాయి అయిపోవచ్చు. నా యూపీఎస్ బ్యాటరీ అప్పటికే నాలుగు నిమిషాలది. ఇన్వర్టర్ లైను గదిలో ఫ్యాను పాయింటుకే ఉంది. తమ్ముడు అక్కడి నుంచి వైరు లాగాడు. తెల్లవారుజామున ఐదింటికి ముహూర్తం. మోటరు వేయొద్దని, మిక్సీ ముట్టుకోవద్దని అత్తమ్మకు ముందే చెప్పి ఉంచాను. ఆమె ఫ్రిజ్ కూడా ఆపేసింది, ఎందుకైనా మంచిదని. నీలం గీత 10, 25, 40 అంటూ పాకుతోంది. వందకు చేరాక స్క్రీను నల్లబడింది. ఫ్యాన్ ఆగింది, తిరిగింది, మళ్లీ ఆగింది. నేను వాడి చెయ్యి పట్టుకున్నాను. ఎంతసేపో తెలియదు, వాడు పదిహేను సెకన్లే అంటాడు. తర్వాత కంపెనీ బొమ్మ వచ్చింది.

ఆప్షన్ కనపడింది. మార్చాం. ఆ రాత్రి కావాలనే అన్నీ మూసేసి, స్లీప్ కూడా ఆపేసి, ఏ పనీ లేకుండా వదిలేశాను. పొద్దున లేచి ముఖం కూడా కడుక్కోకుండా వెళ్లి చూస్తే మూల గడియారం 5:52. నిలబడే చూశాను. 5:53 అయింది. ఒక నిమిషం మారడం చూసి అంత సంతోషపడింది అదే మొదటిసారి.

ఇక్కడితో ఆపేస్తే బాగుండేది. పదకొండు వారాల తర్వాత, 2024 ఏప్రిల్‌లో, మళ్లీ ఒకసారి నిలిచిపోయింది. అప్పుడు విప్పదీశాం ఆ ఎస్ఎంపీఎస్‌ని. చేతిలో పెట్టుకుంటే లీటరు పాల పాకెట్టంత బరువు కూడా లేదు. లోపల ఒక కెపాసిటర్ తల ఉబ్బి ఉంది. లేబుల్ మీద 450 వాట్లని పెద్ద అక్షరాలు. కింద చిన్న అక్షరాల్లో 12 వోల్టుల దగ్గర 14 ఆంపియర్లు. లెక్కలు రాసే మనిషిని నేను: పన్నెండు పద్నాలుగులు 168. ఆ 450 ఎక్కడి నుంచి తెచ్చారో నాకు ఇప్పటికీ ట్యాలీ కాలేదు. మీ ఇంట్లో కేబినెట్‌తో పాటు వచ్చినది ఉంటే ముందు ఈ గుణకారం చేసి చూడండి.

3,200 పెట్టి, కరెంటు వృథా తక్కువని చెప్పే 80 ప్లస్ బ్రాంజ్ గుర్తున్న కొత్త ఎస్ఎంపీఎస్ తెచ్చాం. ఏడాదిన్నర అయింది, ఒక్కసారి కూడా నిలవలేదు. కరెంటు బిల్లులో తేడా నా కంటికి కనపడలేదు.

మరి అసెంబుల్డ్ కొనమంటారా అంటే, పక్కన మా తమ్ముడి లాంటివాడు ఉన్నాడు కాబట్టి నేను కొంటాను. ప్రతిదానికీ షాపు మీదే ఆధారపడేవాళ్లకు, నెలలో రెండు తారీఖులు తప్పకూడని పని ఉన్నవాళ్లకు అంత ధైర్యంగా చెప్పలేను. మా ఆడపడుచుది ఇప్పటికీ ఊరికే వచ్చిన ఎస్ఎంపీఎస్ తోనే, ఏ ఇబ్బందీ లేకుండా నడుస్తోంది. ఆమెది వేరే ప్రాసెసర్, పైగా హార్డ్ డిస్క్ మార్చలేదు.

నాదాన్ని బాగుచేసింది ఆ సెట్టింగా, కొత్త ఎస్ఎంపీఎస్సా అంటే తెలియదు. సెట్టింగును మళ్లీ ఆటోకు మార్చి ఒక వారం చూద్దాం అక్కా, తేలిపోతుంది అని తమ్ముడు వచ్చినప్పుడల్లా అంటాడు. ఈ 20 దాటనీ రా అంటాను. వాడు మళ్లీ వచ్చేసరికి ఇంకో 20 ఎదురుగా ఉంటుంది.