తిరుపతిలో కాఫీ పొడి కోసం తిరిగితే

తిరుపతిలో గది తీసుకునేవాళ్ళు అడిగేవి మామూలుగా మూడు: ఏసీ ఉందా, వేడినీళ్ళు వస్తాయా, బస్టాండు ఎంత దూరం. నేను నాలుగోది కూడా అడుగుతాను, గదిలో కెటిల్ ఉందా అని. ఈసారి వెళ్ళింది దర్శనానికే గానీ, సంచిలో ఇత్తడి ఫిల్టరు కూడా పెట్టుకున్నాను. తోడు మా బావమరిది. చిత్తూరులో పుట్టి పెరిగినవాడు, పాలు చిక్కగా లేకపోతే కాఫీ ముట్టడు.

ముందు వసతి సంగతి. రైల్వే స్టేషన్ ఎదురుగా తితిదే వాళ్ళ విష్ణు నివాసం ఉంది, ఆర్టీసీ బస్టాండు ఎదురుగా శ్రీనివాసం ఉంది. స్నానం చేసి కొండెక్కడమే పనైతే ఈ రెండు దాటి వెతకక్కర్లేదు. రోడ్డు దాటితే గది. మాకు పొడులు పోల్చి చూసే పని ఉంది కాబట్టి లీలామహల్ సర్కిల్ వైపు ఒక ప్రైవేటు లాడ్జిలో దిగాం. గది శుభ్రంగా ఉంది, కెటిల్ ఉంది, పొద్దున్నే పాల ప్యాకెట్టు తెచ్చిపెట్టే కుర్రాడూ ఉన్నాడు. కుళాయి నీళ్ళు మాత్రం ఉప్పటి బోరు నీళ్ళు. ఆ నీళ్ళతో దించిన డికాక్షన్ చప్పగా, సుద్ద కలిపినట్టు వచ్చింది. నీళ్ళలో కఠినత్వం ఎక్కువైతే కాఫీలోని సన్నటి పులుపు చచ్చిపోతుంది, ఇక మిగిలేది చేదే. క్యాన్ నీళ్ళు తెప్పించాక అదే పొడి మనిషిలో పడింది.

పొడి కోసం గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల వీధుల్లో, నాలుగు కాళ్ల మండపం దాకా తిరిగాం. సీలు చేసిన ప్యాకెట్లు ఎక్కడైనా దొరుకుతాయి. మాకు కావలసింది గింజ చూపించి, కళ్ళెదుట మర పట్టి, చికోరీ (కాఫీలో కలిపే ఒక వేరు పొడి) ఎంతో అడిగి కలిపే కొట్టు. అలాంటిది ఒకటి దొరికింది. కొట్టాయన మమ్మల్ని చూడగానే, "హోటల్‌కా సామీ, ఇంటికా?" అన్నాడు. ఆ ఒక్క ప్రశ్నతో ఆయన మీద గురి కుదిరింది. హోటల్ కాఫీకి రంగు, చిక్కదనం కావాలి. ఇంటి కాఫీకి వాసన కావాలి.

ఆయన దగ్గర మూడు రకాల గింజలున్నాయి. ప్లాంటేషన్ ఏ అంటే పండు గుజ్జు తీసి, కడిగి ఎండబెట్టిన అరబికా రకం కాఫీలో పెద్ద గింజ. పీబెర్రీ అంటే పండులో రెండు బద్దలు పెరగాల్సిన చోట ఒక్కటే గుండ్రంగా పెరిగిన గింజ, పంటలో పదో వంతు కూడా రాదు. మూడోది రోబస్టా అనే ఇంకో రకం కాఫీ. కెఫీన్ అరబికాకు దాదాపు రెట్టింపు, నురగ బాగా కడుతుంది, మొరటుగా ఉంటుంది. మూడూ కర్ణాటక సరుకే. అరకు గింజ ఉందా అని అడిగితే, అడిగేవాళ్ళు తక్కువని తెప్పించడట. 2019లో భౌగోళిక గుర్తింపు దక్కిన మన అరబికా, మన రాష్ట్రంలోనే ఇంత పేరున్న ఊళ్ళో దొరక్కపోవడం నాకు మింగుడుపడలేదు.

ప్లాంటేషన్, పీబెర్రీ సగం సగం కలిపించి మూడు పొట్లాలు కట్టించాను: చికోరీ లేనిది, ఇరవై శాతం కలిపింది, నలభై శాతం కలిపింది. చట్టం ప్రకారం మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు, చికోరీ ఎంతో ప్యాకెట్ మీద వేయాలి. చికోరీ మొక్క వేరును వేయించి పొడి చేస్తారు, కెఫీన్ ఉండదు. నీళ్ళలో కాఫీ కంటే ఎక్కువగా కరుగుతుంది గనుక డికాక్షన్ నల్లగా, చిక్కగా దిగుతుంది. ధర కూడా తక్కువ. హోటళ్ళకు అందుకే అంత ఇష్టం.

గదిలో మూడింటికీ ఒకే కొలత పాటించాను. పొడి వేసి పైన బిళ్ళతో తేలిగ్గా అదిమి, మరిగి ఒక నిమిషం ఆగిన నీళ్ళు పోసి, కదపకుండా ఇరవై నిమిషాలు వదిలేశాను. చికోరీ లేనిది పాలు కలపకముందు అద్భుతం: పూల వాసన, నాలుక చివర కమ్మటి పులుపు. పాలు పోస్తే మాత్రం పలచబడిపోయింది. "ఇదేం కాపీ బావా, పాలకు రంగేసినట్టుండాది" అన్నాడు మావాడు. నలభై శాతం పొడి అతనికి నచ్చింది. నాకు అందులో గింజ జాడే కనబడలేదు. పీబెర్రీకి పెట్టిన డబ్బంతా చికోరీ కింద అణిగిపోయింది. నలభై వేయదలుచుకుంటే రోబస్టా కొనుక్కోవడం మేలు, అది ఆ చేదును తట్టుకుని నిలబడుతుంది. ఇరవై శాతం దగ్గర వాసనా ఉంది, పాలకు ఎదురునిలిచే బలమూ ఉంది. నా ఓటు దానికే. మావాడు ఇప్పటికీ ఒప్పుకోలేదు.

హోటళ్ళ సంగతికొస్తే, తిరుపతిలో కాఫీ బాగుంటుందా లేదా అన్నది హోటల్‌ని బట్టి కాదు, గంటను బట్టి. తెల్లవారుజామున ఐదింటికి స్టేషన్ దగ్గరి చిన్న హోటల్లో తాగింది ప్రాణం లేచొచ్చేలా ఉంది. అదే హోటల్లో పదకొండింటికి తాగితే, పొద్దున దించిన డికాక్షన్నే మళ్ళీ వేడి చేసి పోశారు, పులిసిన చేదు. పెద్ద ఏసీ హోటల్లో దవరా గ్లాసు తళతళలాడింది గానీ లోపల ఉన్నది చక్కెర పాలు. చక్కెర వేరుగా ఇమ్మని ముందే చెప్పాలి, లేకపోతే వాళ్ళే వేసేస్తారు.

కొండ మీద నీళ్ళు వేరు, ఎత్తూ వేరు. తిరుమల 850 మీటర్ల పైన ఉంది కాబట్టి నీళ్ళు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. ఫిల్టరుకు అదేమీ లోటు కాదు, ఇంకా మంచిదే. అయితే అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కి వచ్చినవాడి నాలుకను తీర్పు అడగకూడదు. ఆ సమయంలో ఏది ఇచ్చినా అమృతమే, అందుకని అక్కడి కాఫీకి మార్కులు వేయలేదు.

తిరుగు దారిలో కాణిపాకం చూసుకుని చిత్తూరులో అత్తగారింట్లో ఆగాం. ఇరవై శాతం పొడికి ఆ ఊరి చిక్కటి పాలు పడ్డాక, తిరుపతి ప్యాకెట్ పాలతో తాగిందంతా రిహార్సలే అనిపించింది. అత్తయ్య మాత్రం గ్లాసు దించి, "ఇంకొంచెం చికోరీ వేయించుకోని రావాల్సింది నాయనా" అంది. బావమరిది నా వైపు చూసి నవ్వాడు.

కొనేవాళ్ళకు ఒక మాట: మర పట్టించిన పొడి రెండు వారాలు దాటితే వాసన పోతుంది. దూరం నుంచి వచ్చేవాళ్ళు వేయించిన గింజే తీసుకుని, చికోరీ వేరే పొట్లం కట్టించుకోండి. ఇంట్లో మిక్సీలో కొద్దికొద్దిగా ఆపి ఆపి తిప్పితే సరిపోతుంది. మరీ మెత్తగా చేస్తే ఫిల్టరు మూసుకుపోయి డికాక్షన్ దిగదు. మేం వెళ్ళిన కొట్టు మధ్యాహ్నం మూసేస్తారు, పొద్దున్నే వెళ్ళండి.