ఎంట్రోపీకి ఏ దారి మేలు: క్లాసియస్‌దా, బోల్ట్‌జ్‌మన్‌దా?

కావలిలో ఇంటర్ పిల్లలకు భౌతికశాస్త్రం చెబుతాను. శక్తి ఎంతగా పంచుకుపోయిందో కొలిచే రాశి ఎంట్రోపీ. ఏటా ఆ పాఠం దగ్గర ఎవరో ఒకరు లేచి అదే అడుగుతారు: "సార్, వేడి చేస్తే ఎంట్రోపీ పెరుగుతుందన్నారు. మరి సూత్రంలో ఉష్ణోగ్రత హారంలో ఎందుకుంది?" న్యాయమైన ప్రశ్నే. దీనికి ఎవరు బాగా జవాబు చెబితే వారి పక్షమే నాది.

ఎంట్రోపీకి 1865లో ఆ పేరు పెట్టినవాడు జర్మన్ భౌతికశాస్త్రవేత్త క్లాసియస్. వస్తువు ఉత్క్రమణీయంగా (అంటే వెనక్కి తిప్పగలిగే తీరులో) తీసుకున్న ఉష్ణాన్ని కెల్విన్ ఉష్ణోగ్రతతో భాగించమంటాడు. లెక్కలకు ఇంతకంటే సుఖం లేదు. జువ్వలదిన్నె రేవులో చేపలపెట్టె నుంచి జారిపడిన కిలో మంచునే తీసుకోండి. సున్నా డిగ్రీల దగ్గర అది కరగడానికి సుమారు 3,34,000 జౌళ్లు కావాలి. 273తో భాగిస్తే మంచు ఎంట్రోపీ 1,223 జౌళ్లు/కెల్విన్ పెరిగింది. అంత ఉష్ణమూ ఇచ్చిన గాలి 35 డిగ్రీల్లో, అంటే 308 కెల్విన్ దగ్గర ఉంది కనుక దానికి తగ్గింది 1,084 మాత్రమే. నికరంగా 139 మిగిలింది. కృష్ణపట్నం థర్మల్ కేంద్రంలో ఆవిరి లెక్కలు వేసేవారికీ ఈ దారే దిక్కు. కానీ భాగించమంటుందే గాని, అణువుల స్థాయిలో అది ఎందుకో ఈ దారి చెప్పదు.

బోల్ట్‌జ్‌మన్ దగ్గరకు చింతపిక్కలతో వెళ్దాం. ఎంట్రోపీని అణువుల లెక్కతో వివరించిన ఆస్ట్రియా శాస్త్రవేత్త ఆయన. పిక్కలన్నీ ఒకేలాంటివి, ఎవరికెన్ని అన్నదే లెక్క. ముగ్గురు పిల్లలకు ఒక పిక్కను 3 రకాలుగా ఇవ్వవచ్చు. అసలు పిక్కే లేకపోతే పంపకం 1 రకమే. పది పిక్కలను 66 రకాలుగా, పదకొండింటిని 78 రకాలుగా పంచవచ్చు. పిల్లలు అణువులు, పిక్కలు శక్తి తునకలు, పంపకాల సంఖ్య లాగరిథమే ఎంట్రోపీ. ఖాళీ చేతుల జట్టుకు ఒక్క పిక్క వస్తే పంపకాలు మూడింతలయ్యాయి. పది ఉన్న జట్టుకు అదే పిక్క వస్తే ఐదో వంతైనా పెరగలేదు. పిక్కలు తక్కువున్న జట్టులాంటి చల్లని వస్తువుకు ఇచ్చిన జౌలు ఎంట్రోపీని ఎక్కువగా పెంచుతుంది, వేడి వస్తువుకు ఇచ్చినది తక్కువగా. ఉష్ణోగ్రత హారంలోకి వచ్చిందంటే ఇందుకే. నిజానికి శక్తితోపాటు ఎంట్రోపీ పెరిగే రేటును తలకిందులు చేస్తే వచ్చేదే ఉష్ణోగ్రత.

ఇప్పుడు పదకొండున్న జట్టు పక్కన ఏమీ లేని జట్టును కూర్చోబెట్టండి. మొత్తం పంపకాలు 78. ఒక్క పిక్క అటు మారితే 66ను 3తో గుణించాలి: 198. పంపకాలు ఎక్కువున్న స్థితే వచ్చే అవకాశం ఎక్కువ. ఉష్ణం వేడి నుంచి చల్లదనానికే ఎందుకు నడుస్తుందో పిల్లలు వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పేస్తారు. నాకు ఇదే గెలుపు.

ఎంట్రోపీ అంటే "గందరగోళం" అని చెప్పే మూడో దారి ఒకటుంది. చెదిరిన గదికి థర్మామీటరు పెట్టలేం, దాన్ని వదిలేయండి.

పరీక్షకు వారం రోజులే ఉంటే మాత్రం క్లాసియస్‌నే పట్టుకోండి. పిక్కలు సెలవుల్లో ఏరుకోవచ్చు.